మంత్రి గారూ, ఆ ల్యాబ్ తాళం ఎప్పుడు తీయిస్తారు?

విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారం.

పిల్లలు సొంత చేతులతో పరికరాలు తయారుచేసి నేర్చుకోవాలని కేంద్రం బడుల్లో పెట్టించే అటల్ టింకరింగ్ ల్యాబుల గురించి మీకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. నేను రాస్తున్నది మా ఊరి హైస్కూల్లో ఉన్న ల్యాబ్ గురించి, సరిగ్గా చెప్పాలంటే దాని తలుపుకున్న తాళం గురించి. హెచ్‌ఎం గారికి చెప్పాం, మండల ఆఫీసులో అర్జీ ఇచ్చాం, గ్రీవెన్స్‌లో ఇస్తే 'మీ సమస్య పరిష్కరించబడింది' అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. చాలా సంతోషం.

పైనుంచి ఎవరైనా వస్తున్నారని కబురొస్తే మాత్రం తీస్తారండోయ్. ముందురోజు ఊడ్చి, బల్లల మీద ఆర్డునో బోర్డులు (ప్రోగ్రామ్ రాసి నడిపించే చిన్న సర్క్యూట్ బోర్డులు), సెన్సర్లు పేర్చి, బాగా చదివే నలుగురు పిల్లల్ని నిలబెట్టి ఫొటోలు దిగుతారు. కారు గేటు దాటగానే అన్నీ మళ్లీ డబ్బాల్లోకి. ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా పిల్లలందరి కోసం అన్నారు కదా, మా అమ్మాయి ఎనిమిదికొచ్చినా త్రీడీ ప్రింటర్‌ని కిటికీలోంచే చూసింది. స్కూల్ కమిటీ మీటింగ్ రోజు నేను లోపలికెళ్లాను. ప్రింటర్‌కి కవరే తీయలేదు, అందులో వాడే ప్లాస్టిక్ తీగ, అదే ఫిలమెంట్, తేమ పట్టి పట్టుకుంటే పుటుక్కున విరుగుతోంది, ఓ మూల కోడిగుడ్ల అట్టలు. "పిల్లలు పాడుచేస్తే ఆడిట్‌లో ఎవరు సమాధానం చెప్తారండీ?" అన్నారు ల్యాబ్ చూసే సారు. ఆయన్ని అనడానికీ లేదు, ఫిజిక్స్ ఆయనే, లెక్కల సారు రాకపోతే లెక్కలూ ఆయనే, భోజనం ఫొటోలు యాప్‌లో ఎక్కించేదీ ఆయనే.

పాడవుతుందని ముట్టుకోనివ్వకపోతే ఇక ల్యాబ్ ఎందుకు సార్? మా అమ్మాయి పోరు పడలేక చిన్న కిట్ తెప్పించాను. ఎల్‌ఈడీని తొమ్మిది వోల్టుల బ్యాటరీకి నేరుగా కలిపింది, టప్పున మాడింది. ఎందుకు మాడిందా అని అన్నానికి పిలిచినా రాకుండా కూర్చుంది. పక్కింటి అబ్బాయి దగ్గర పదో తరగతి పుస్తకం తెచ్చుకుని, దీనికి రెండు వోల్టులు చాలు, మరి మిగతా ఏడూ ఎక్కడికి పోవాలని లెక్కేసుకుని, కరెంటును తగ్గించే 470 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి వెలిగించింది. మాడింది రెండు మూడు రూపాయల బల్బు. ల్యాబుకి ఇచ్చేది ఇరవై లక్షల దాకా! అందులో సగం నిర్వహణకే అంటారు, మా స్కూల్లో అడిగితే "యూసీ (డబ్బు ఖర్చుపెట్టిన లెక్క చూపే పత్రం) పంపాం, డబ్బు ఇంకా పడలేదు" అంటారు.

2025 బడ్జెట్‌లో ఐదేళ్లలో ఇంకో 50 వేల ల్యాబులన్నారు. ఇవ్వండి, మేం వద్దంటామా, రిబ్బన్ కటింగ్‌కి మేమూ వస్తాం. ఉన్నదాన్ని ముందు తెరిపించండి. టైంటేబుల్లో వారానికో రెండు పీరియడ్లు వేయించండి, చూసుకోవడానికి ఓ మనిషినివ్వండి, పిల్లల చేతిలో పాడైన సామాను సారు మెడకు చుట్టుకోదని ఓ కాగితం ఇప్పించండి. ఏది చేసినా దసరా లోపే చేయండి సార్, ఆ తర్వాత పదో తరగతి స్పెషల్ క్లాసులు మొదలైతే ఆ గది వంక చూసే తీరిక ఎవరికీ ఉండదు.

ఇట్లు,
ఎనిమిదో తరగతి అమ్మాయి తండ్రి