ప్రధానోపాధ్యాయురాలి లేఖ: జస్టిస్ లీలా సేఠ్ గురించి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారములు.

రాజ్యాంగ దినోత్సవానికి సిద్ధమవుతున్న ఎనిమిదో తరగతి పిల్లలకు ఈసారి జస్టిస్ లీలా సేఠ్ జీవితాన్ని పాఠంగా చెప్పాము. మన దేశంలో ఒక రాష్ట్ర హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తి అయిన మొదటి మహిళ ఆవిడే. అయితే ఆవిడను ఎంచుకున్నది ఆ ‘మొదటి’ అన్న మాట కోసం కాదు. ఆరో తరగతిలో ఐఐటీ ఫౌండేషన్‌లో చేర్చకపోతే పిల్ల వెనకబడిపోతుందేమో అన్న ఆదుర్దా ఈమధ్య మీలో చాలామంది మాటల్లో వినిపిస్తోంది. ఆ ఆదుర్దాకు జవాబుగానే ఆవిడను ఎంచుకున్నాము: లీలా సేఠ్ న్యాయశాస్త్రం చదువుకునే నాటికి ఆవిడకు పెళ్లయింది, ఇంట్లో పిల్లలున్నారు.

ఆవిడ 1930లో లక్నోలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. డార్జిలింగులో చదువుకుని, కలకత్తాలో స్టెనోగ్రాఫరుగా ఉద్యోగంలో చేరారు. భర్త ఉద్యోగరీత్యా లండన్ వెళ్లాక లా ఎంచుకోవడానికి ఆవిడ చెప్పుకున్న కారణం చాలా మామూలుది: పసిపిల్లలతో రోజూ తరగతులకు వెళ్లడం కుదరదు, ఆ కోర్సుకేమో హాజరు పట్టింపు పెద్దగా లేదు. హాజరు పట్టీ విషయంలో నేనెంత కచ్చితంగా ఉంటానో తెలిసిన పిల్లలు ఇక్కడ నా వైపు చూసి ముసిముసిగా నవ్వారు. 1958లో లండన్ బార్ పరీక్షలో, అంటే న్యాయవాది కావడానికి రాసే పరీక్షలో, ఆవిడ ప్రథమ స్థానంలో నిలిచారు. ఆ స్థానం ఒక మహిళకు దక్కడం అదే మొదలు. చంటిబిడ్డతో ఉన్న ఆవిడ ఫొటో వేసి, అక్కడి పత్రిక ఒకటి కింద ‘మదర్ ఇన్ లా’ అని చమత్కరించింది.

కలకత్తాకు తిరిగివచ్చి, పేరున్న ఒక బారిస్టరు దగ్గర జూనియరుగా చేరబోతే, ఆయన ముందు పెళ్లి చేసుకోమన్నారట. అయిందన్నారు ఆవిడ. అయితే ఒక బిడ్డను కనమన్నారు. ఉన్నాడన్నారు. ఒక్కడే అయితే వాడికి తోడు లేదు కదా, రెండో బిడ్డను కనమన్నారు. ఇద్దరున్నారని చెప్పాక ఆయనకు అభ్యంతరాలు నిండుకున్నాయి, ఆవిడకు చోటు దొరికింది. ఈ సంభాషణను మా పిల్లలు ఇద్దరిద్దరుగా నిలబడి నటించి చూపారు. మీ ఇంట్లోనూ ఒకసారి చూపమని అడగండి.

పట్నాలో దాదాపు పదేళ్లు, ఆ తరువాత ఢిల్లీలో న్యాయవాదిగా పనిచేసిన మీదట, 1978లో ఢిల్లీ హైకోర్టుకు తొలి మహిళా న్యాయమూర్తి అయ్యారు. 1991లో హిమాచల్ ప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా సిమ్లా వెళ్లారు.

ప్రధాన న్యాయమూర్తి అంటే అందరికంటే పెద్ద తీర్పులు ఇచ్చేవారా అని ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. పెద్దల్లోనూ చాలామందికి దీని జవాబు తెలియదు. ధర్మాసనం మీద కూర్చున్నప్పుడు ప్రధాన న్యాయమూర్తి అభిప్రాయానికీ, పక్కనున్న న్యాయమూర్తి అభిప్రాయానికీ విలువ ఒక్కటే. తేడా అంతా పరిపాలనలో ఉంది. ఏ రకం కేసులు ఏ బెంచి వినాలో రోస్టరు వేసేది ప్రధాన న్యాయమూర్తే. రాజ్యాంగం 229వ అధికరణం ప్రకారం హైకోర్టు సిబ్బంది నియామకాలు ఆ కుర్చీ చేతిలో ఉంటాయి. ఇక 235వ అధికరణం కింద జిల్లా కోర్టుల మీదా, వాటి కింది కోర్టుల మీదా అదుపు హైకోర్టుది కాబట్టి, అక్కడి న్యాయాధికారుల పోస్టింగులు, పదోన్నతులు, సెలవులు కూడా హైకోర్టు దగ్గరికే వస్తాయి. పేపర్లో పడని పని ఇది. కానీ రోస్టరు సరిగా నడవకపోతే ఎంత గొప్ప తీర్పరి ముందుకైనా కేసు వచ్చేదెలా?

1992లో పదవీ విరమణ చేశాక ఆవిడ చేసిన పనిలో మన ఇళ్లకు దగ్గరిది ఒకటుంది. 1997 నుంచి 2000 వరకు ఆవిడ సభ్యురాలిగా ఉన్న లా కమిషన్ (చట్టాల్లో మార్పులను ప్రభుత్వానికి సూచించే సంఘం), ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు ఉండాలని తన 174వ నివేదికలో సిఫారసు చేసింది. దేశమంతటికీ ఆ చట్టం 2005లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ అలాంటి సవరణను 1986లోనే చేసిందని చెప్పినప్పుడు తరగతిలో చప్పట్లు మోగాయి. 2012 డిసెంబరులో ఢిల్లీలో ఒక యువతిపై జరిగిన అత్యాచార ఘటన తరువాత, అలాంటి నేరాల చట్టాల్లో మార్పులు సూచించడానికి వేసిన జస్టిస్ వర్మ కమిటీలో చేరేనాటికి ఆవిడ వయసు 82. వేల సంఖ్యలో వచ్చిన సూచనలను పరిశీలించి, ఆ కమిటీ నెల రోజుల్లో నివేదిక ఇచ్చింది. 2017లో ఆవిడ కన్నుమూశారు.

రాజ్యాంగ పీఠికను పిల్లలకు విడమరిచి చెబుతూ ఆవిడ ఒక చిన్న పుస్తకం కూడా రాశారు. మా పిల్లలు ఇప్పుడు పీఠికను కంఠస్థం చేస్తున్నారు. ‘సౌభ్రాతృత్వం’ దగ్గర మాత్రం ఇంకా తడబడుతున్నారు.

చివరగా ఒక అభ్యర్థన. మీలో కోర్టుల్లో బెంచి క్లర్కులుగా, స్టెనోగ్రాఫర్లుగా, సూపరింటెండెంట్లుగా పనిచేసేవారు ఉంటే, ఒక శనివారం అరగంట వీలు చేసుకుని మా తరగతికి రావలసిందిగా కోరుతున్నాను. ఒక కేసు కాగితం ఫైలింగు కౌంటరు నుంచి జడ్జిగారి బల్ల దాకా ఎలా చేరుతుందో పిల్లలు అడుగుతున్నారు. అది నాకంటే మీరే బాగా చెప్పగలరు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు