టికెట్ కొనేటప్పుడే అసలు ప్రయాణ సమయం చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

ఢిల్లీ నుంచి తాష్కెంట్ ఎంత దూరమని ఫోన్లో వెతికితే సుమారు 1,600 కిలోమీటర్లని వస్తుంది. పక్కనే రెండు, రెండున్నర గంటల ప్రయాణమని ఉంటుంది. ఢిల్లీ నుంచి బెంగళూరు అంతకంటే కాస్త ఎక్కువ దూరమే. దూరం లెక్క తప్పేమీ కాదు, భూగోళం మీద ఆ రెండు విమానాశ్రయాలను కలిపే అతి దగ్గరి గీత కొలత అది. దాన్ని విమాన వేగంతో భాగించి సమయం చెప్పేస్తున్నారు. విమానం ఆ గీత వెంట పోగలదా అన్నది మాత్రం ఎవరూ చెప్పరు.

ఆ దారి పాకిస్థాన్ గగనతలం గుండా ఉంది. 2025 ఏప్రిల్ 24న పాకిస్థాన్ మన విమానయాన సంస్థలకు దాన్ని మూసేసింది. 30న మన ప్రభుత్వం కూడా వారి విమానాలకు మన గగనతలాన్ని మూసింది. ఆ తర్వాత ఇరువైపులా గడువును నెలనెలా పొడిగించుకుంటూ వచ్చారు. చుట్టూ తిరిగి వెళ్లేందుకు తన విమానాల సామర్థ్యం చాలక ఇండిగో అప్పట్లో తాష్కెంట్, కజకిస్థాన్‌లోని అల్మాటీ నగరాలకు సర్వీసులనే ఆపేసింది. 2019లోనూ ఫిబ్రవరి చివరి నుంచి జులై దాకా పాకిస్థాన్ గగనతలం మూసే ఉంది. ఇక ఢిల్లీ, లాహోర్ విమానాశ్రయాల మధ్య దూరం 420 కిలోమీటర్లే అయినా నేరుగా వెళ్లే విమానం లేదు. విమానంలోనే వెళ్లాలంటే ముందు దుబాయ్ లాంటి చోటికి 2,200 కిలోమీటర్లు పోయి, అక్కడి నుంచి వెనక్కి రావాలి.

సరిహద్దుల గొడవ లేని దారిలోనూ గాలి ఉంటుంది. ఢిల్లీ, టోక్యో మధ్య దాదాపు 5,860 కిలోమీటర్లు. చాలా ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు వేగంగా వీచే జెట్ స్ట్రీమ్ అనే గాలి తోడైతే ఏడున్నర గంటల్లో చేరే విమానానికి, తిరుగు ప్రయాణంలో ఎదురుగాలి వల్ల రెండు గంటలు అదనంగా పట్టొచ్చు. దూరం మాత్రం రెండు వైపులా ఒకటే.

ఈ తేడా భారమంతా ప్రయాణికుడిదే. వేళకు ఇన్సులిన్ వేసుకోవాల్సినవారు, చంటిబిడ్డతో వెళ్లే తల్లి ఆ గంటలను బట్టే సిద్ధమవుతారు. వేర్వేరు టికెట్లు కొని మధ్యలో విమానం మారే కార్మికుడికి మొదటిది ఆలస్యమైతే రెండో టికెట్ డబ్బు పోతుంది. ఆ డబ్బు అతనికి చిన్నది కాదు.

2025లో గగనతలం మూసిన రెండు రోజులకే మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ విమానయాన సంస్థలకు ఒక సలహాపత్రం ఇచ్చింది. దారి మారిందని, మొత్తం ఎంతసేపు పడుతుందో, మధ్యలో ఎక్కడైనా ఆగుతుందేమో ప్రయాణికులకు చెప్పాలంది. భోజనం, నీళ్లు, మందులు తగినంత ఉంచుకోమంది. మంచి పని. అయితే అందులో చెప్పమన్నది చెక్-ఇన్ దగ్గర, బోర్డింగ్ గేటు దగ్గర, వీలైతే ఫోన్ సందేశాల్లో. అప్పటికే టికెట్ కొనడం అయిపోయి ఉంటుంది.

అందుకే ఆ సలహాను శాశ్వత నిబంధనగా మార్చి, టికెట్ అమ్మే ప్రతి వెబ్‌సైటుకూ వర్తింపజేయాలని డీజీసీఏను కోరుతున్నాను. డబ్బు కట్టే ముందే రానుపోను సమయాలు విడివిడిగా కనిపించాలి. చుట్టుదారి అయితే ఆ మాట, కారణం కూడా ఉండాలి. మీ పత్రికకూ ఒక విన్నపం: కొత్త విమాన సర్వీసుల వార్తల్లో కిలోమీటర్లతో పాటు ఈ రెండు సమయాలూ వేయండి.

– ఒక పాఠకురాలు