కోనసీమ తీరానికి వచ్చేవారికి ఆటుపోట్ల వేళలు చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారములు.

వేసవి సెలవులు మొదలైతే చాలు, పత్రికల జిల్లా అనుబంధాలు, మీ పత్రికతో సహా, గోదావరి డెల్టా సముద్ర తీరం గురించి రంగుల బొమ్మలతో పేజీలు నింపుతాయి. అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం, ఉప్పాడ, కోరింగ మడ అడవులు ఏ ఊరికి ఎంత దూరమో, బస ఎక్కడ దొరుకుతుందో, ఏ హోటల్లో ఏ కూర బాగుంటుందో వాటిలో వివరంగా ఉంటుంది. ఏ వేళకు వెళ్లాలి, ఏ వేళకు నీటిలోంచి బయటికి రావాలి అన్న సంగతి మాత్రం ఒక్క వాక్యమైనా ఉండదు. గోదావరి వశిష్ఠ పాయ ఒడ్డున పుట్టి పెరిగి, ఏటా ఈ తీరానికి వచ్చే కొత్తవారిని గమనిస్తున్న నాకు, వారు చేసే పొరపాట్లలో చాలా భాగం వేళ తెలియక చేసేవేనని తోస్తున్నది. అందుకే ఈ ఉత్తరం.

హైదరాబాదు నుంచి, తెలంగాణ జిల్లాల నుంచి వచ్చే కుటుంబాలు సాధారణంగా రాత్రి రైలెక్కి తెల్లవారేసరికి రాజమహేంద్రవరంలోనో నరసాపురంలోనో దిగి, గది తీసుకుని, స్నానాలూ ఫలహారాలూ ముగించుకుని పదకొండు గంటల ప్రాంతంలో తీరానికి చేరుకుంటాయి. ఆ వేళకు మా దగ్గర తెల్లవారుజామున వేటకు వెళ్లినవారు కూడా పని చాలించి సరుగుడు తోట నీడకు చేరి ఉంటారు. మే నెలలో ఇక్కడి ఉష్ణోగ్రత అంకెల్లో తెలంగాణ జిల్లాల కన్నా తక్కువగా కనిపించవచ్చు గానీ, గాలిలో తేమ ఎక్కువ కావడం వల్ల పట్టిన చెమట ఆరదు, చెమట ఆరనప్పుడు ఒంట్లోని వేడి దిగదు. దీనికి తోడు పగలు సముద్రం మీద నుంచి గాలి మళ్లుతుంది. ఆ గాలికి హాయిగా ఉన్నదని టోపీ తీసేసి కూర్చున్నవారి మెడలూ భుజాలూ సాయంత్రానికి కమిలిపోతాయి. ఇల్మనైట్ వంటి ఖనిజాలు కలిసిన నల్ల ఇసుక ఈ తీరంలో అక్కడక్కడా ఉంది. మధ్యాహ్నం చెప్పులు విడిచి నీటివైపు పరుగెత్తిన పిల్లలు సగం దూరంలోనే కాళ్లు ఎగరేస్తూ ఏడుపు లంకించుకోవడం నేను తరచుగా చూసే దృశ్యమే. ఉదయం పది లోపల, సాయంత్రం నాలుగు దాటాక వస్తే ఈ ఇబ్బందులలో సగం ఉండవు.

గోవాలో సూర్యుడు సముద్రంలోకి దిగడం చూసినవారు కాకినాడ తీరంలోనూ అదే జరుగుతుందనుకుని సాయంత్రం ఆరింటికి కెమెరాలతో వచ్చి, వెనకవైపు ఊరి మిద్దెల చాటున కుంకుతున్న పొద్దును చూసి నిట్టూరుస్తుంటారు. ఇది తూర్పు తీరం. ఇక్కడ చూడవలసింది సూర్యోదయం, మే నెలలో అది అయిదున్నరకే అయిపోతుంది.

ఎండ దెబ్బకు విశ్రాంతి తీసుకుంటే తేరుకోవచ్చు. నీటి విషయంలో జరిగే పొరపాటును సరిదిద్దుకునే అవకాశం చాలామందికి ఉండదు కాబట్టి దాని గురించి కాస్త వివరంగా రాస్తాను.

కొత్తగా వచ్చినవారు అలలు తెల్లగా నురగ కక్కుతూ విరిగే చోటును చూసి భయపడతారు. భయపడి, పక్కనే అలలు విరగకుండా నీరు నునుపుగా, కాస్త మట్టిరంగుగా కనిపించే సందును ఎంచుకుని పిల్లలతో సహా అందులో దిగుతారు. నిజానికి అలలు ఒడ్డు మీదికి తెచ్చి పోసిన నీరంతా తిరిగి సముద్రంలోకి పోయే దారి అదే. అడుగున ఇసుక కోసుకుపోయి లోతు పడినందువల్లనే అక్కడ అల విరగదు. అందులో దిగినవారిని ప్రవాహం లోపలికి లాగుతుంది. వారు ఒడ్డును చూస్తూ ఎదురీది, చేతులు సోలిపోయి మునిగిపోతారు. ఆ ప్రవాహం వెడల్పు సాధారణంగా ఎక్కువ ఉండదు. ఈత వచ్చినవారు ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరిగే చోటికి చేరి, అక్కడి నుంచి అలలతోపాటు ఒడ్డుకు రావాలి. ఈత రానివారు పెనుగులాడకుండా వెల్లకిలా తేలుతూ చెయ్యి ఎత్తి పిలవాలి. ఒడ్డున ఉన్నవారు ఒకరి వెనక ఒకరు దూకడం వల్లనే ఒక ప్రాణం పోవలసిన చోట రెండు మూడు పోతున్నాయి. తాడో, మూత బిగించిన ఖాళీ నీళ్ల డబ్బానో, పడవలోని థర్మోకోల్ ముక్కో విసిరి, వెంటనే దగ్గరలోని మత్స్యకారులను కేకేయడం మేలు.

ఇక నదీ ముఖాలు. గోదావరి పాయలలో వశిష్ఠ అంతర్వేది వద్ద, వైనతేయ ఓడలరేవు వద్ద సముద్రంలో కలుస్తాయి. అంతర్వేదికి వచ్చిన ప్రతివారూ అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర నదీ సముద్రాలు కలిసే చోటును చూడాలనుకుంటారు, చూడదగిన చోటే. ఒడ్డున నిలబడి చూడడానికీ అక్కడే స్నానానికి దిగడానికీ చాలా తేడా ఉంది. మన తీరంలో రోజుకు రెండుసార్లు పోటు (నీరు ఎక్కడం), రెండుసార్లు ఆటు (నీరు దిగడం) వస్తాయి. ఈ వేళలు రోజురోజుకూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. పోటు వేళ నదిలోకి ఎక్కిన నీరు ఆటు మొదలవగానే నది ప్రవాహంతో కలిసి ఒక్కుమ్మడిగా సముద్రంలోకి దిగుతుంది. నిన్న ఉదయం ఎనిమిదింటికి నెమ్మదిగా ఉన్న చోటే నాలుగు రోజుల తర్వాత అదే ఎనిమిదింటికి మనిషిని నిలవనివ్వదు. నది మోసుకొచ్చిన ఇసుక వరదకు ఒక తీరుగా, వేసవికి ఒక తీరుగా మేట వేస్తుంది కాబట్టి మోకాలి లోతు నీటిలో నడుస్తున్నవారికి మరుసటి అడుగు అందకపోవచ్చు. కిందటేడు ఇక్కడే స్నానం చేశామన్న ధీమా ఇక్కడ ఎందుకూ కొరగాదు.

పున్నమికీ అమావాస్యకూ ఆటుపోట్లు మరింత బలంగా ఉంటాయన్నది అందరికీ తెలిసిందే. సముద్ర స్నానాలకు మన పెద్దలు పెట్టిన పర్వదినాలు కూడా అవే: కార్తిక పౌర్ణమి, మాఘ పౌర్ణమి, అమావాస్యలు. అంతర్వేదిలో భీష్మ ఏకాదశి ఉత్సవాలకు వచ్చినవారిలో చాలామంది పౌర్ణమి స్నానం దాకా ఉంటారు. ఆచారాన్ని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. ఆ రోజులలో జనం ఎక్కువ, నీటి ఊపూ ఎక్కువే కాబట్టి ఏ గంట నుంచి ఏ గంట వరకు దిగవచ్చో మైకులో చెబితే, ఒడ్డున తాళ్లు కడితే చాలునని మాత్రం అంటున్నాను.

వేళ తెలియనితనానికి మరో రూపం కార్లను ఇసుక మీదికి తోలడం. ఆటు వేళ తీరం విశాలంగా, తడి ఇసుక తారురోడ్డంత గట్టిగా కనిపిస్తుంది. నిరుడు వేసవిలో మా తీరంలో నలుగురు కుర్రవాళ్లు కొత్త కారును నీటి అంచుదాకా నడిపించి, ఫొటోల కోసం దిగారు. ఆగిన కారు చక్రాల చుట్టూ ముందు నీరు ఊరింది, తర్వాత ఇసుక వదులై చక్రాలు ఇరుసుదాకా దిగబడ్డాయి. వారు యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ ఇంకా దిగాయి. ఇంతలో పోటు తిరిగింది. మత్స్యకారులు కొబ్బరి మట్టలు తెచ్చి చక్రాల కింద తొక్కి, ట్రాక్టరుకు మోకు కట్టి లాగేసరికి ఉప్పునీరు సీట్లదాకా వచ్చింది. ఆ బండికి మరమ్మతు ఎంత అయిందో తెలియదు గానీ ట్రాక్టరు డీజిలు ఖర్చు ఇవ్వడానికి వారు బేరమాడడం మాత్రం కళ్లారా చూశాను. జనవరి నుంచి మార్చి దాకా ఇదే ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయన్నది కూడా బండ్లు తోలేవారు గుర్తుంచుకోవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటికి పూర్తి రక్షణ ఇచ్చింది.

ఉప్పాడ సంగతి వేరు. అక్కడ సముద్రమే రోడ్డు మీదికి వస్తున్నది. అల్పపీడనం ఉన్న రోజున కాకినాడ నుంచి వెళ్లే తీర రహదారిపై బండి ఆపి, ఎగిసిపడే అలతో సెల్ఫీ దిగాలనుకునేవారికి ఆ అలతోపాటు రాళ్లు కూడా రోడ్డు మీద పడతాయని ఎవరైనా చెబితే బాగుండును.

ప్రయాణ దూరాలను ఫోనులోని మ్యాపు చూసి లెక్కవేసుకోవడం కూడా పొరపాటే. ఈ డెల్టాలో కంటికి ఎదురుగా కనిపించే ఊరు నది అవతల ఉంటుంది. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి పంటు (మనుషులనూ బండ్లనూ నది దాటించే పడవ) మీద దాటితే దగ్గర. పంటు లేని వేళ చించినాడ వంతెన చుట్టూ తిరిగి రావలసిందే. జులై నుంచి సెప్టెంబరు వరకు ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది ఇస్తారు. ఈ అంకెలు పెరిగేకొద్దీ రేవులు మూతపడతాయి, లంకలకు వెళ్లే కాజ్‌వేలు మునుగుతాయి. ఆ రోజులలో బయలుదేరేవారు హోటలు గది కన్నా ముందు ఈ అంకె కనుక్కోవాలి. చీకటి పడ్డాక కాలువ గట్టు రోడ్ల మీద కొత్తవారు వేగంగా వెళ్లకపోవడం మంచిది, చాలాచోట్ల అంచున గోడ లేదు.

కోరింగకు వెళ్లేవారు అధికంగా చేసే తప్పు ఆకులు తుంచడం. చెక్కవంతెన మీద నడుస్తూ చేతికందిన కొమ్మనల్లా లాగుతుంటారు. వాటిలో తిల్ల చెట్టు ఉంటే దాని పాలు కంటికి తగిలి విపరీతంగా మండుతాయి, చూపు కొంతసేపు మసకబారవచ్చు కూడా. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఆ అడవిలో బురద మీద గెంతే చేపలనూ పీతలనూ చూడాలంటే ఆటు వేళ వెళ్లాలి. నిండు పోటులో వెళ్లినవారు బురద కనిపించక, ఏమీ లేదని చిరాకు పడుతూ తిరిగివస్తారు. అక్కడా వేళదే లెక్క.

భోజనం గురించి రెండు మాటలు. పులస గోదావరికి ఎర్రనీరు వచ్చాక, అంటే సుమారుగా జులై నుంచి సెప్టెంబరు వరకు దొరికే చేప. సంక్రాంతికో మే నెలలోనో పులస పులుసు కావాలని పట్టుబట్టేవారికి అడిగిన ధరకు ఏదో ఒక చేప వడ్డించేవారు తప్పక దొరుకుతారు. అలాగే తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులపాటు మరపడవల వేట నిషేధం. సెలవులు సరిగ్గా ఆ రోజులలోనే వస్తాయి కాబట్టి అప్పుడు తాజా సముద్రపు చేప తక్కువ దొరుకుతుంది. చెరువు రొయ్య, పండుగప్ప తినడానికి సిద్ధపడి రావడం మంచిది.

ఈ సమాచారమంతా పత్రికకు కష్టమైనదేమీ కాదు. సర్వే ఆఫ్ ఇండియా ఏటా ఆటుపోట్ల పట్టికలు ప్రచురిస్తుంది. సముద్ర సమాచారం అందించే హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఆటుపోట్ల అంచనాలతో పాటు ఎత్తయిన అలల హెచ్చరికలు కూడా ఇస్తుంది. మీ జిల్లా సంచికలో సూర్యోదయ, సూర్యాస్తమయ వేళలు వేసే మూలనే ఆ రోజు పోటు ఎన్ని గంటలకు, ఆటు ఎన్ని గంటలకు అన్నది ఒక్క వరుసలో వేయవలసిందిగా కోరుతున్నాను. రోజూ వీలుకాకపోతే వేసవి సెలవులలో, కార్తిక, మాఘ మాసాలలోనైనా వేయండి. కాకినాడ రేవు వేళలతో మొదలుపెట్టవచ్చు. అంతర్వేది, పేరుపాలెం వైపు ఉండే కొద్దిపాటి తేడాను మీ స్థానిక విలేఖరులు రేవులోని మత్స్యకారులను అడిగి సరిచూసుకోగలరు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సఖినేటిపల్లి మండలం,
కోనసీమ జిల్లా.