ఎర్రమట్టిపై ఫామ్‌ను అంచనా వేసేదెలా?

గుంటూరు,
జూన్ 10, 2025.

సంపాదకులు గారికి,

నమస్కారాలు. ఈ నెల 7న జరిగిన ఫ్రెంచ్ ఓపెన్ మహిళల సింగిల్స్ ఫైనల్‌కు ముందు వెలువడిన విశ్లేషణల గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది. నేను చదివినవాటిలో చాలావరకు ఒకే వాదన వినిపించాయి. అరీనా సబలెంకా ప్రపంచ నంబర్ వన్, నెల రోజుల క్రితమే మాడ్రిడ్ టోర్నీ ఫైనల్లో కోకో గాఫ్‌ను 6-3, 7-6తో ఓడించింది, సెమీస్‌లో ఏకంగా నిరుటి విజేత ఇగా స్వియాటెక్‌నే ఇంటిదారి పట్టించింది, కాబట్టి టైటిల్ ఆమెదేనన్నారు. ఫైనల్లో గాఫ్ గెలిచి ఫలితం తారుమారైంది గనుక విశ్లేషకులను ఇప్పుడు తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. టైబ్రేక్‌లో (6-6తో సమమయ్యాక ఆడే గేమ్‌లో) తొలి సెట్ నెగ్గిన సబలెంకా నిర్ణాయక మూడో సెట్‌ను కూడా దక్కించుకొని ఉన్నా నా అభ్యంతరం ఇదే అయి ఉండేది. ర్యాంకు, గత విజయం, ప్రత్యర్థి పేరు అనే ఈ మూడింటిలో ఏదీ ఎర్రమట్టి మీద ఒక క్రీడాకారిణి ఎలాంటి స్థితిలో ఉందో చెప్పదు.

మాడ్రిడ్ సంగతే చూడండి. ఆ నగరం సముద్రమట్టానికి సుమారు 650 మీటర్ల ఎత్తున ఉంది. గాలి పలచగా ఉండటంతో బంతి రివ్వున దూసుకుపోతుంది, సర్వీస్‌కు పదును పెరుగుతుంది, బలంగా కొట్టేవారికి పాయింట్లు త్వరగా ముగుస్తాయి. సబలెంకా అక్కడ 2021లో, 2023లో, మళ్లీ ఈ ఏడాది విజేతగా నిలిచింది. అయితే మట్టి కోర్టులపై ఇప్పటిదాకా ఆమె సాధించిన సింగిల్స్ టైటిళ్లన్నీ ఆ ఒక్క ఊరివే. స్టట్‌గార్ట్‌లో నాలుగుసార్లు ఫైనల్ చేరి నాలుగుసార్లూ ఓడింది, అందులో చివరిది ఈ ఏప్రిల్‌లోనే ఒస్టాపెంకో చేతిలో. ఫ్రెంచ్ ఓపెన్ జరిగే పారిస్ పరిస్థితులకు కాస్త దగ్గరగా ఉండే రోమ్‌లో ఆమె క్వార్టర్స్‌లోనే జెంగ్ కిన్‌వెన్ చేతిలో వరుస సెట్లలో ఓడిపోగా, గాఫ్ ఫైనల్ దాకా వెళ్లి పావోలిని దగ్గర ఆగింది. మాడ్రిడ్‌కు బదులు రోమ్‌ను ఆధారంగా తీసుకుంటే అంచనా మరోలా ఉండేది. అలాగని రోమ్‌ను కూడా కళ్లు మూసుకొని నమ్మలేం. 2020లో స్వియాటెక్ రోమ్‌లో తొలి రౌండ్‌లోనే అరాంట్సా రుస్ చేతిలో ఓడి, కొద్ది వారాలకే పారిస్‌లో ఒక్క సెట్ కూడా కోల్పోకుండా విజేత అయింది. అప్పుడు ఆమె ర్యాంకు 54.

మన గుంటూరు, విజయవాడ క్లబ్బుల్లో మట్టి కోర్టుపై ఆడినవారికి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. పొద్దున్నే నీళ్లు చల్లి, రోలర్ తిప్పిన కోర్టులో బంతి ఒకలా లేస్తుంది. రోహిణీ కార్తె ఎండకు పైపొర పొడిబారి, అడుగు వేస్తే కాలు జారిపోయేంత దుమ్ము లేచిన మధ్యాహ్నం అదే కోర్టులో అదే బంతి ఇంకోలా వస్తుంది. పొద్దున సునాయాసంగా గెలిచినవాడు మధ్యాహ్నం అదే మనిషి చేతిలో ఓడిపోతే ఇక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు. ఫ్రెంచ్ ఓపెన్ వేదిక రొలాండ్ గారోస్‌లో కోర్టు తయారీ వేరు, అక్కడ పిండి చేసిన సున్నపురాతి పొరపై ఎర్ర ఇటుకల పొడిని ఒకటి రెండు మిల్లీమీటర్ల మందాన మాత్రమే పరుస్తారు. అయినా తేమకు, ఎండకు, గాలికి ఆట మారిపోవడంలో తేడా ఏమీ లేదు. బంతి తడిసి బరువెక్కితే విన్నర్లు (ప్రత్యర్థి అందుకోలేని దెబ్బలు) కొట్టడం కష్టమవుతుంది, ఎండ కాస్తే ముందుకు గిర్రున తిరిగే టాప్‌స్పిన్ బంతులు భుజాల ఎత్తుకు లేస్తాయి, గాలి వీస్తే సర్వీస్‌కు ఎగరేసిన బంతే చెప్పిన చోట ఉండదు.

ఇక సెమీఫైనల్ విషయం. నా ఉద్దేశంలో అసలు పొరపాటు ఇక్కడే జరిగింది. సబలెంకా 7-6, 4-6, 6-0తో స్వియాటెక్‌ను ఓడించి, ఆ టోర్నీలో ఆమె 26 మ్యాచ్‌ల జైత్రయాత్రకు తెరదించింది. 22 నిమిషాల్లో ముగిసిన ఆ మూడో సెట్‌లో సబలెంకా ఒక్క అనవసర తప్పిదం (ప్రత్యర్థి ఒత్తిడి లేకుండా తనంతట తానే చేసే తప్పు) కూడా చేయలేదు. ఇంతకంటే గొప్ప ఫామ్ ఏముంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. కాని ఆ మ్యాచ్ అక్కడి ప్రధాన వేదిక ఫిలిప్ షాట్రియర్ కోర్టు పైకప్పు మూసి ఆడించినది. ఆ కప్పు కింద గాలి లేదు, ఎండ లేదు, బంతి ఎక్కడ పడుతుందో ముందే తెలుస్తుంది. నెట్‌కు అంగుళాల ఎత్తున బంతిని బల్లపరుపుగా బాదే సబలెంకా లాంటి క్రీడాకారిణికి ఇంతకంటే అనుకూలమైన వాతావరణం దొరకదు. శనివారం ఫైనల్ నాటికి కప్పు తెరిచి ఉంది, కోర్టంతా సుడులు తిరిగే గాలి. గురువారం ఒక సెట్ మొత్తం తప్పు చేయని అదే చేయి శనివారం 2 గంటల 38 నిమిషాల్లో 70 అనవసర తప్పిదాలు చేసింది. రెండు రోజుల్లో ఆమె ఆట మరిచిపోలేదు. గురువారం మనం చూసిన ఫామ్‌లో కొంత భాగం ఆ పైకప్పుది. శుక్రవారం రాత్రి వాతావరణ సూచనను ఎవరైనా ఆ విశ్లేషణకు జోడించి ఉంటే, 'ఆమెదే టైటిల్' అన్న ధీమా కొంత తగ్గి ఉండేది.

అదే గాలిలో గాఫ్ కూడా ఆడిందిగదా అనవచ్చు. ఆడింది, 30 తప్పిదాలూ చేసింది. అయితే ఆమె బంతిని నెట్‌కు బాగా ఎత్తుగా, గట్టి టాప్‌స్పిన్‌తో పంపుతుంది కాబట్టి గాలి కాస్త అటూఇటూ తోసినా అది కోర్టులోనే పడుతుంది. ఆమె ఫోర్‌హ్యాండ్ బలహీనమని అందరూ రాస్తారు, అది నిజమే. కాని ఆ బలహీనత పచ్చికపైనా సిమెంటు కోర్టుపైనా కనిపించినంతగా మట్టిపై కనిపించదు, ఎందుకంటే ఇక్కడ బంతి నెమ్మదించి పైకి లేచే ఆ కాస్త వ్యవధిలో ఆమె కాళ్లు సర్దుకొని కొట్టగలుగుతుంది. బ్యాక్‌హ్యాండ్ గురించి, కోర్టు నలుమూలలా ఆమె పరుగు గురించి వేరే చెప్పాలా? సర్వీస్‌లో డబుల్ ఫాల్టులు (రెండు సర్వీసులూ తప్పి పాయింట్ పోవడం) ఆమెకు పాత జబ్బే. నిరుడు యూఎస్ ఓపెన్‌లో ఎమ్మా నవారో చేతిలో ఓడిన మ్యాచ్‌లో 19 చేసింది. అందుకే ఆమె ఫామ్ తెలుసుకోవాలంటే నేనైతే ఏస్‌ల (ప్రత్యర్థి తాకలేని సర్వీసుల) సంఖ్య చూడను. తొలి సర్వీస్ తప్పినప్పుడు ఆ పాయింట్ ఎవరికి పోతోందన్నది మాత్రం తప్పక చూస్తాను.

గాఫ్ సెమీస్‌లో గెలిచింది 361వ ర్యాంకర్ లోయిస్ బోయిసన్ మీదే కదా అని ఆ విజయాన్ని తేలిగ్గా తీసేశారు. ఆ బోయిసనే అంతకుముందు పెగులా, మిరా ఆండ్రీవా వంటి అగ్రశ్రేణి క్రీడాకారిణులను ఇంటికి పంపింది. అంతకంటే ముఖ్యమైనది గాఫ్ క్వార్టర్‌ఫైనల్. ఆస్ట్రేలియన్ ఓపెన్ విజేత మాడిసన్ కీస్‌తో తొలి సెట్‌ను టైబ్రేక్‌లో కోల్పోయి, తర్వాతి రెండింటినీ 6-4, 6-1తో గెలుచుకుంది. సెట్ పోయాక ఆట చెదరకుండా నిలవడం మట్టిపై ఫామ్‌కు పెద్ద గుర్తు, ఎందుకంటే ఇక్కడ మ్యాచ్‌లు సాగుతాయి, కాళ్లూ ఓపికా రెండూ నిలబడాలి. ఫైనల్ కూడా సరిగ్గా అలాగే నడిచింది: 6-7, 6-2, 6-4. ముఖాముఖి పోరు 5-5 అని పట్టికల్లో వేశారు, మంచిదే. అందులో మట్టిపై జరిగినవి రెండేనని, 2021 రోమ్‌లో గాఫ్, ఈ ఏడాది మాడ్రిడ్‌లో సబలెంకా గెలిచారని కూడా ఒక్క వాక్యం రాస్తే ఆ పట్టికకు అర్థం ఉండేది.

ఫైనల్ ముగిశాక వచ్చిన శీర్షికల్లో సబలెంకా 'చేజేతులా' ఓడిందన్న మాట తరచుగా కనిపించింది. అనవసర తప్పిదం ఏది, ఒత్తిడి వల్ల జరిగినది ఏది అన్నది లెక్క రాసేవారి నిర్ణయం. పోయిందనుకున్న బంతి మూడోసారి, నాలుగోసారి తిరిగొస్తే, అయిదో బంతిని ఎవరైనా గీతకు మరింత దగ్గరగా కొట్టాలని చూస్తారు. అది బయట పడితే పుస్తకంలో అనవసర తప్పిదంగా నమోదవుతుంది, దాని వెనుక గాఫ్ పెట్టిన పరుగు మాత్రం ఎక్కడా నమోదు కాదు. తప్పిదాల సంఖ్య ఒక్కటే చూసి ఏదీ తేల్చలేమనడానికి 2017 ఫైనల్ ఉంది. హలెప్‌పై ఒస్టాపెంకో ఆ రోజు 54 విన్నర్లు కొట్టింది, తప్పిదాలూ 54 చేసింది, 4-6, 0-3తో వెనుకబడి కూడా ట్రోఫీ ఎత్తుకుపోయింది. సీడింగ్ (టోర్నీలో మేటి ఆటగాళ్లకిచ్చే క్రమసంఖ్య) లేని ఆమెకు అదే తొలి టూర్ స్థాయి టైటిల్.

మరో మాట కూడా చెప్పాలి. పురుషుల ఫైనల్ ముందు బ్యాక్‌హ్యాండ్ గురించి, సర్వీస్ కోణాల గురించి అరపేజీ రాసే మన క్రీడా పేజీలు, మహిళల ఫైనల్ వచ్చేసరికి ఎవరు కన్నీళ్లు పెట్టుకున్నారు, ఎవరు డాన్స్ చేశారు అన్నవాటికే చోటిస్తున్నాయి. మట్టి కోర్టులపై సాధన చేస్తున్న మన జిల్లాల ఆడపిల్లలు కూడా ఆ పేజీలే చదువుతారు. గాలి వీచే రోజు బంతిని ఎంత ఎత్తుగా పంపాలో, రెండో సర్వీస్‌ను ఎందుకు నమ్ముకోవాలో వారికి ఆ పేజీల్లో దొరకాలి.

ఈ నెల 30న వింబుల్డన్ మొదలవుతోంది. పచ్చికపై బంతి లేవదు, జారుతుంది. మట్టిపై గాఫ్ ఫోర్‌హ్యాండ్‌కు దొరికిన ఆ కాస్త వ్యవధి అక్కడ ఉండదు. కనుక ఆ టోర్నీ విశ్లేషణలను 'మొన్న పారిస్‌లో గెలిచింది కాబట్టి' అన్న వాక్యంతో ప్రారంభించవద్దని, ప్రతి మ్యాచ్ ఏ కోర్టులో, పైకప్పు కిందనో ఆరుబయటనో, ఎలాంటి వాతావరణంలో జరిగిందో స్కోరు పక్కనే ఒక వరుసలోనైనా ఇవ్వవలసిందని మనవి.

ఇట్లు,
మీ పాఠకుడు,
బ్రాడీపేట, గుంటూరు.