నీటి గుర్తు చూసి పునాది వేయండి

సంపాదకులకు నమస్కారం.

పేదలకు పట్టణాల్లో రెండు సెంట్లు, గ్రామాల్లో మూడు సెంట్లు చొప్పున ఇళ్ల స్థలాలు ఇస్తామని ప్రభుత్వం చెప్పినప్పటి నుంచి విశాఖలో రెండే ప్రశ్నలు వినబడుతున్నాయి: ఎక్కడ ఇస్తారు, ఎవరికి ఇస్తారు. అందులో కట్టే ఇల్లు ఎలా ఉండాలో ఎవరూ అడగడం లేదు. నేను అడగదలచుకున్నది అదే. గెడ్డల (కొండవాగుల) ఒడ్డున, పల్లపు వీధుల్లో బతికేవారికి కట్టే ఇంటి పునాది ఎంత ఎత్తు, డాబా మీదికి మెట్లు ఉన్నాయా లేవా అన్నవి నమూనా గీసేటప్పుడే తేలిపోవాలి.

సముద్రం ఒడ్డునే ఉన్నా, ఈ నగరంలో పేదల ఇళ్లను తరచుగా ముంచేది గెడ్డలే. కొండల మీద కురిసిన వాన చూస్తుండగానే కిందికి దిగుతుంది. పూడికతో, ఆక్రమణలతో సన్నబడిన గెడ్డ ఆ నీటిని మోయలేదు. జ్ఞానాపురం, చావులమదుం వైపు ఉండేవారికి ఇది కొత్తగా చెప్పనక్కరలేదు. 2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది, కానీ ఆ వానకు మన నగరంలో పల్లపు కాలనీలు నీట మునిగాయి.

నేను ఉపాధ్యాయురాలిని. ఒక పెద్ద వాన తర్వాత బడికి రాని పిల్లను చూడటానికి గెడ్డ పక్కన వాళ్ల ఇంటికి వెళ్లాను. ప్రభుత్వ పథకం కింద కట్టుకున్న ఇల్లే. గోడ మీద మోకాలికి పైన బురద చార. ప్లగ్గు పెట్టే స్విచ్ బోర్డు ఆ చారకు రెండు వేళ్లు కింద ఉంది. గ్యాస్ బండ నీళ్లకు తేలిపోకుండా కిటికీ ఊచకు తాడుతో కట్టారు. ప్లైవుడ్ తలుపు ఉబ్బిపోయి మూసుకోవడం లేదు. అన్నిటికన్నా ఘోరం మరుగుదొడ్డి. వరద నీరు గొట్టంలోంచి వెనక్కి తన్ని, ఇల్లంతా ఆ మురుగే. ‘స్లాబు వేశారు గానీ టీచరుగారూ, ఎక్కే దారి పెట్టలేదు’ అంది ఆ పిల్ల తల్లి. నీళ్లు పెరుగుతుంటే పిల్లలను పక్కింటివాళ్ల నిచ్చెన మీదుగా డాబా ఎక్కించారట. ముసలి అత్తగారు ఎక్కలేక మంచం మీదే కూర్చుందట.

మెట్లు ఎందుకు లేవన్నది పెద్ద చిక్కు ప్రశ్నేమీ కాదు. ఇంతకుముందు పట్టణాల్లో ఇచ్చింది ఒక్క సెంటు, అంటే 48 గజాలు. ఇంటికి లెక్క కట్టింది 340 చదరపు అడుగులు, 1.80 లక్షల రూపాయలు. అందులో గోడలు లేపి స్లాబు వేయడానికే అప్పులు చేయాల్సి వచ్చింది, ఇక మెట్ల మాట ఎవరు ఎత్తుతారు? ఇప్పుడు ఇస్తామంటున్నది రెండు సెంట్లు. పక్కగోడ వెంట బయటి నుంచి మెట్లు కట్టడానికి ఆ జాగా చాలు.

పునాది సంగతీ అంతే. లేఅవుట్ ఎక్కడున్నా పునాది ఎత్తు మాత్రం ఒకే కొలత. మెరకలో ఉన్న ఇంటికీ, గెడ్డకు ఆనుకున్న ఇంటికీ అదే అడుగున్నర, రెండడుగులు. ఆ ఎత్తునైనా ఎప్పటికీ ఉండనివ్వరు. రోడ్డు వేసిన ప్రతిసారీ పాత పొర తవ్వకుండా దాని మీదే కొత్తది వేస్తారు. కొన్నేళ్లకు రోడ్డు గడపను దాటుతుంది, ఇల్లు గుంతలో పడుతుంది. కాబట్టి పునాదిని రోడ్డు నుంచి కొలవకూడదు. ఆ చోట ఇంతవరకు వచ్చిన అతి పెద్ద వరద నీటి గుర్తు నుంచి కొలవాలి.

నీటితో పాటు గాలినీ లెక్కలోకి తీసుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరంలోని రేకుల ఇళ్లను ఏం చేసిందో చూసినవాళ్లం. జాతీయ ప్రమాణాల గాలి పటంలో విశాఖ సెకనుకు 50 మీటర్ల వేగపు మండలంలో ఉంది, అంటే గంటకు 180 కిలోమీటర్లు. తుపాను తాకిడి ప్రాంతాల్లో తక్కువ ఎత్తు ఇళ్లు ఎలా కట్టాలో చెప్పే ఐఎస్ 15498 ప్రమాణం 2004లోనే వచ్చింది. పేదల ఇంటి దగ్గర దాన్ని ఎవరూ తెరిచి చూడరు. నా కోపమంతా ఆ నిర్లక్ష్యం మీదే.

ఖర్చు పెరుగుతుందంటారు. కొంత పెరుగుతుంది, కాదనను. తగ్గించే దారులు మన ఊళ్లోనే ఉన్నాయి. పరవాడ సింహాద్రి విద్యుత్ కేంద్రం బూడిదతో ఇటుకలు చేస్తున్నారు. కేరళలో లారీ బేకర్ అనే వాస్తుశిల్పి ప్రచారంలోకి తెచ్చినట్టు ఇటుకను పక్కకు నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదిలి గోడ కడితే దాదాపు పావు వంతు ఇటుక మిగులుతుంది, ఇల్లూ చల్లగా ఉంటుంది. అయితే నీరు తగిలే ఎత్తు వరకు మాత్రం నిండు గోడే కట్టాలి. స్విచ్ బోర్డులు నడుము పైకి జరపడానికి, మరుగుదొడ్డి గొట్టానికి నీరు వెనక్కి రాకుండా వాల్వు పెట్టడానికి పెద్దగా డబ్బు అక్కర్లేదు. గట్టి అటక ఒకటి వేస్తే బియ్యం, సర్టిఫికెట్లు, పిల్లల పుస్తకాలు తడవవు. పాత ఇళ్లలో అటక లేనిదెక్కడ?

బంగ్లాదేశ్‌లో మెరీనా తబస్సుమ్ అనే వాస్తుశిల్పి నదీ లంకల ప్రజల కోసం ‘ఖుదీ బాడీ’ అనే చిన్న ఇల్లు రూపొందించారు. వెదురు గెడలు, ఉక్కు కీళ్లతో రెండు అంతస్తులు. వరద వస్తే పైన పడుకుంటారు, ఒడ్డు కోసుకుపోతే ఇల్లు విప్పి వేరేచోటికి మోసుకుపోతారు. మన గాలులకు ఆ వెదురు ఇల్లే తెచ్చి నిలబెట్టమని నేను అనను. కుటుంబమంతా నీటికి పైన రాత్రి గడపగల చోటు ఇంట్లోనే ఉండాలన్న ఆలోచన మాత్రం మనకు కావాలి.

గెడ్డ ఒడ్డు ఖాళీ చేయించి అందరినీ ఊరి చివరి లేఅవుట్లకు పంపడమే పరిష్కారమని కొందరు అధికారులు అంటారు. ఇళ్లలో పనిచేసే ఆమెకు, హార్బరులో చేపలు మోసే ఆయనకు రోజూ బస్సు ఖర్చులు పోను మిగిలేదెంత? కదల్చక తప్పని చోట పని దొరికే దూరంలోనే స్థలం ఇవ్వాలి. కదల్చనక్కరలేని చోట ఉన్నచోటే ఇంటిని ఎత్తు చేయడానికి సాయం చేయాలి.

నగర పాలక సంస్థకు నా విన్నపం ఒకటే. వచ్చే వర్షాకాలంలోపు వార్డు సచివాలయాల సిబ్బందిని గెడ్డల వెంట పంపి, వరద ఎంత ఎత్తుకు వచ్చిందో అక్కడివారినే అడిగి, కరెంటు స్తంభాల మీద, బడి గోడల మీద ఎర్ర రంగుతో గీత గీయించండి. ఏ లేఅవుట్‌కైనా ఆ గీతకు పైన పునాది చూపించాకే అనుమతి ఇవ్వండి.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు,
కంచరపాలెం, విశాఖపట్నం