మెట్ల లైటు టైమర్: పది నిమిషాల కిట్ వేరు, రేటు కూడా

మన మెట్ల లైటు టైమర్ కిట్ తీసుకున్నవాళ్లు ఈ మధ్య ఒకటే అడుగుతున్నారు: "రెండు నిమిషాలు చాలట్లేదండీ, కెపాసిటర్ పెద్దది వేసి పది నిమిషాలు చేసుకోవచ్చా?" చేసుకోవచ్చు. నేను మాత్రం అలా చేసి అమ్మను.

ఇప్పటి కిట్‌లో ఉన్నది 555 ఐసీ, అంటే టైమింగ్ కోసమే చేసిన చిప్. 1971లో హాన్స్ కామెంజిండ్ డిజైన్ చేసినది, చిన్న టైమింగ్‌లకు ఇప్పటికీ తిరుగులేదు. బటన్ నొక్కగానే లైటు వెలిగి, 1 మెగాఓమ్ రెసిస్టర్ (కరెంటును అడ్డుకుని తగ్గించే భాగం) గుండా 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ (ఛార్జ్‌ను దాచుకునే భాగం) ఛార్జవడం మొదలవుతుంది. అడాప్టర్ ఇచ్చే 12 వోల్టుల్లో మూడింట రెండొంతులు, అంటే 8 వోల్టులకు చేరాక రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) వదిలేస్తుంది, లైటు ఆరుతుంది. దానికి పట్టేది 110 సెకన్లు.

పది నిమిషాలకైతే 560 మైక్రోఫారడ్ కావాలి. చిక్కంతా అక్కడే. చివర్లో రెసిస్టర్‌కు మిగిలేది 4 వోల్టులే, అంటే కెపాసిటర్‌లోకి వచ్చే కరెంటు 4 మైక్రోఆంపులు. ఇంత పెద్ద కెపాసిటర్ ఎలక్ట్రోలైటిక్ రకమే అవుతుంది; దాని లోపల లీకేజీ, అంటే కారిపోయే కరెంటు, కూడా అంతే ఉందనుకోండి, చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. 8 వోల్టులు రానే రావు, లైటు తెల్లార్లూ వెలుగుతూనే ఉంటుంది. వేడికి లీకేజీ పెరుగుతుంది కాబట్టి రేకుల కప్పు కింద మే నెల ఎండకి ఇంకా ఘోరం.

అందుకని పది నిమిషాల కిట్‌ను సీడీ4060 అనే, పల్సులు లెక్కపెట్టే ఐసీతో చేశాం. 0.1 మైక్రోఫారడ్ ప్లాస్టిక్ ఫిల్మ్ కెపాసిటర్, 330 కిలోఓమ్ రెసిస్టర్ కలిసి సెకనుకు సుమారు 13 పల్సులు ఇస్తాయి. ఐసీ 8,192 పల్సులు లెక్కపెట్టి లైటు ఆర్పుతుంది. కాస్త అటూఇటూగా పది నిమిషాల ఇరవై సెకన్లు. ఫిల్మ్ కెపాసిటర్ కాబట్టి లీకేజీ గొడవ లేదు.

ఈ కిట్ రేటు 60 రూపాయలు ఎక్కువ. ఐసీ వల్ల కాదు, రిలే వల్ల. ఎల్‌ఈడీ బల్బులు వెలిగే క్షణంలో ఒక్కసారిగా కరెంటు లాగుతాయి. అంతస్తుకొకటి చొప్పున నాలుగైదు కలిపితే చిన్న రిలే కాంటాక్టులు అతుక్కుపోతాయి. అందుకే ఇందులో పెద్ద రిలే.

"బజార్లో ఇంకా చవకగా ఉన్నాయి కదా" అంటారు. ఉన్నాయి. వాటిలో కొన్నింటికి అడాప్టర్ ఉండదు, 230 వోల్టులను కెపాసిటర్‌తో తగ్గించి నేరుగా బోర్డుకిస్తారు. చెయ్యి తగిలితే షాకే. పిల్లలు సోల్డరింగ్ నేర్చుకునే కిట్‌లో అది పెట్టను, ఎంత మిగిలినా సరే.

రెండు నిమిషాల కిట్ పాత రేటుకే ఉంటుంది. అది ఇప్పటికే ఉన్నవాళ్లు కొత్త బోర్డు ఒక్కటే అడగండి, అడాప్టర్ మీ దగ్గరున్నదే సరిపోతుంది. బిగించేటప్పుడు రిలే పక్కనున్న డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగం) మీది గీత ప్లస్ వైపు ఉందో లేదో చూసుకోండి.