ఫార్ములా తెలుసు, చరిత్ర తెలీదు: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

విశాఖపట్నం నుంచి ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్ నమస్కరించి రాసుకుంటున్నది.

2020 మే 7, ఇంకా తెల్లారలేదు. గోపాలపట్నం నుంచి మా చెల్లెలు ఫోన్. "అన్నయ్యా, ఏదో గ్యాసు, కళ్లు మండిపోతున్నాయి. తలుపులు వేసుకోమంటావా, బయటికి పరిగెత్తమంటావా?" నా దగ్గర జవాబు లేదు. తడిగుడ్డ ముక్కుకి అడ్డం పెట్టుకుని వచ్చెయ్యమన్నాను, అంతే. కాసేపటికి టీవీలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైంది స్టైరీన్ అన్నారు, ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం. ఆ ఫార్ములా ముప్పై ఏళ్లు బోర్డు మీద రాసిన చెయ్యి ఇది.

పన్నెండు మంది పోయారు. ట్యాంకులో వేడి పెరిగితే స్టైరీన్ తనంతట తానే పాలిమర్‌గా మారుతుంది, మారేకొద్దీ ఇంకా వేడెక్కుతుంది. అది కెమిస్ట్రీ, నేను చెప్పగలను. 1961లో మొదలైన ఫ్యాక్టరీ చుట్టూ ఇన్ని ఇళ్లు ఎలా వచ్చాయి, లోపల ఏముందో పక్క వీధికి ఎవరు చెప్పాలి? ఇవి ఏ సిలబస్‌లోనూ నాకు తగల్లేదు.

ఇలాంటి ప్రశ్నలకి సైన్సు చరిత్ర అని ఒక శాస్త్రం ఉందని రిటైరయ్యాకే తెలిసింది, సిగ్గుపడుతూనే చెబుతున్నాను. 1931లో లండన్‌లో జరిగిన సైన్సు చరిత్ర మహాసభలో బోరిస్ హెస్సెన్ అనే సోవియట్ భౌతిక శాస్త్రవేత్త, న్యూటన్ సిద్ధాంతాలకి ఓడలు, గనులు, ఫిరంగుల అవసరాలతో ముడి పెట్టాడు. అన్నీ ఆ లెక్కనే తేలతాయని నేననుకోను. అయినా ఓడలూ, వాటికి దారి చూపే నక్షత్రాలూ అనగానే విశాఖవాడికి డాబా గార్డెన్స్ గుర్తుకు రావాలి. గోడే వెంకట జగ్గారావు 1840లో అక్కడ తన సొంత డబ్బుతో నక్షత్రశాల (అబ్జర్వేటరీ) కట్టించారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపి, 1874 డిసెంబరు 9న సూర్యుడి మీదుగా శుక్రుడు దాటడాన్ని గమనించి లెక్కకట్టారు. ఒక జమీందారు కుటుంబం టెలిస్కోపుకి ఎందుకు ఖర్చు పెట్టింది, ఆ లెక్కలు ఎవరికి పనికొచ్చాయి, తర్వాత ఆ పని ఎందుకు ఆగిపోయింది? ఒక పీహెచ్‌డీకి సరిపడా సరుకుంది అందులో.

అందుకే అడుగుతున్నాను. 1926లో పుట్టిన మన ఆంధ్రా యూనివర్సిటీలో సైన్సు చరిత్రకి ఒక్క పర్మినెంట్ పోస్టు ఇవ్వండి. సెమినార్లు వద్దు, శాలువాలు అసలే వద్దు. ఆ వచ్చే మనిషి నక్షత్రశాల కాగితాలు ఎక్కడున్నా వెతకాలి, ఆ ఫ్యాక్టరీ పక్కనున్న వెంకటాపురం వెళ్లి గ్యాసు లీకైన ఆ రాత్రి గురించి జనం చెప్పేది రికార్డు చెయ్యాలి. ఈ రెండో పని ఆలస్యం చేస్తే చెప్పేవాళ్లు మిగలరు. మా చెల్లెలి పక్కింటి ముసలమ్మ ఇప్పటికే సగం మర్చిపోయింది.

పోస్టు మంజూరయ్యేలోగా డాబా గార్డెన్స్‌లో జగ్గారావు గారి పేరుతో ఒక బోర్డు పెట్టించండి. మేటర్ నేనే రాసిస్తాను, డబ్బులేం అక్కర్లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్చరర్,
విశాఖపట్నం